రెండు డిస్కులు ఒకే రోజు చావవు

మొన్న వేసవిలో ఒక రాత్రి పదకొండింటికి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. "మామయ్యా, సర్వర్ లేవడం లేదు. నాలుగు డిస్కుల్లో రెండు పోయాయని చూపిస్తోంది. దుకాణం అతను వచ్చాడు. కొత్తవి రెండు వేసి ఇనిషియలైజ్ కొట్టేస్తే సరిపోతుందంటున్నాడు. కొట్టేయమంటారా?" అన్నాడు.

"ఒరేయ్, ముందు ఆ కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి" అన్నాను.

ఇనిషియలైజ్ అంటే బాగుచెయ్యడం కాదు, ఉన్నదంతా తుడిచి ముగ్గు వెయ్యడం. ఆ సంగతి తెలియకుండానే ఒక మనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని సర్వర్ ముందు నిలబడగలుగుతున్నాడు. నాకు బాధ అక్కడే. నేను 1989లో హైదరాబాదులో ఫీల్డ్ ఇంజనీరుగా చేరాను, 2019లో మానేశాను. ఈ ముప్పయ్యేళ్లలో డిస్కులు పోయి నష్టపోయినవాళ్లకంటే, డిస్కులు పోయాక ఎవరో తొందరపడి చెయ్యిపెట్టడం వల్ల నష్టపోయినవాళ్లనే ఎక్కువమందిని చూశాను.

మా రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. గుడి అనుకుని కాదు, దుమ్ము లోపలికి రాకూడదని. వెళ్లగానే మిషన్ ముట్టుకునేవాళ్లం కాదు. ముందు ప్లగ్గు దగ్గర కూర్చుని మల్టీమీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎన్ని వోల్టులుందో చూసేవాళ్లం. ఒకటి, రెండు దాటితే పెరట్లోకి నడిచి ఎర్త్ పిట్ చూడటమే. మే నెలలో అది ఎండి బీటలు వారి ఉండేది. ఉప్పూ బొగ్గూ వేసిన ఆ గుంటలో నాలుగు బిందెలు నీళ్లు పోయించాకే లోపలికొచ్చేవాళ్లం. తర్వాత చెవి పెట్టడం. స్క్రూడ్రైవర్ మొన డిస్కు పెట్టె మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి బేరింగు ఎలా తిరుగుతోందో స్పష్టంగా తెలిసేది. హెడ్డు సాఫీగా కదులుతోందా, ఒకే చోట టక్ టక్ మని కొట్టుకుంటోందా అన్నది చెవికి అందేది. ఈ రోజు సర్వర్లకు తాళం వేసి ఒక మూల గదిలో పెడతారు. వాటి దగ్గర నిలబడి రెండు నిమిషాలు వినే మనిషి లేడు.

1997 మే నెలాఖరు. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసు. సర్వర్ పక్కన బయటి పెట్టెలో 4.3 గిగాబైట్ల స్కజీ డిస్కులు ఐదు, వాటన్నిటినీ ఒక్కటిగా కలిపి నడిపే రెయిడ్ 5. అందులో రెండు పోయాయి, జీతాల లెక్క ఆగిపోయింది. నేను హైదరాబాదు నుంచి రెండు కొత్త డిస్కులు సంచిలో పెట్టుకుని, ఆ సంచి ఒళ్లో పెట్టుకుని రాత్రి బస్సులో బయల్దేరాను. ఎక్కేముందు మా సీనియర్ గారు ఒక్క మాట చెప్పారు: "రెండు డిస్కులు ఒకే రోజు చావవు. చచ్చాయంటే ఆ రెండిటినీ కలిపేదేదో చచ్చింది. అది వెతుకు."

పొద్దున్న ఏడింటికి చేరాను. కొత్త డిస్కులు సంచిలోంచి తియ్యలేదు. నోటుబుక్కు తీశాను. ఐదు గళ్లు గీసి, ఏ గూట్లో ఏ డిస్కు, దాని ఐడీ అంకె, సీరియల్ నంబరు చివరి నాలుగక్షరాలు, జంపర్లు ఎలా ఉన్నాయి, అన్నీ రాసుకున్నాను. కంట్రోలర్ కార్డు లాగ్‌లో చూస్తే ముందురోజు ఉదయం పదీ ఇరవైకి ఒకటి, మధ్యాహ్నం మూడూ ఐదుకి ఇంకొకటి తప్పుకున్నాయి. ఆ రెండు సమయాలూ రాసి కింద గీత కొట్టాను. అప్పుడు పెట్టె వెనక్కి వెళ్లాను. స్కజీ పెట్టెకు వెనక రెండు సాకెట్లుంటాయి. ఒకదాంట్లో సర్వర్ నుంచి వచ్చే కేబులు. రెండోదాంట్లో టెర్మినేటర్ ఉండాలి. అది లేదు.

ఈ కాలం పిల్లలకు టెర్మినేటర్ అంటే సినిమా. మాకది వెనక తీగ లేని ఒక ప్లగ్గు, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. బావిలోకి కేకేస్తే ప్రతిధ్వని వచ్చినట్టు, కేబులు చివర ఏమీ లేకపోతే సిగ్నలు కొసను తాకి వెనక్కి తిరిగొచ్చి, వెనకాల వస్తున్న సిగ్నలుతో కలిసిపోతుంది. ఆ కొసన సిగ్నలును మింగేసేదే టెర్మినేటర్. రెండు కొసల్లోనూ ఉండాలి. ఒకటి లేకపోతే పని ఆగిపోతుందా అంటే అదీ ఖాయం కాదు. చిన్న కేబులైతే కొన్నాళ్లు నడుస్తుంది. పని తక్కువున్నప్పుడు నడిచి, భారం పడినప్పుడు తప్పులు చేస్తుంది.

ఆఫీసులో అడిగితే, వారం కిందట గదికి సున్నాలు వేయించామనీ, అప్పుడు పెట్టె జరిపామనీ అన్నారు. తీగ లేని ప్లగ్గు ఎందుకని ఎవరో తీసి, గుమాస్తా గారి సొరుగులో స్టాంపు ప్యాడు పక్కన పెట్టారు. వారం రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది. నెలాఖరు జీతాల లెక్క మొదలయ్యేసరికి తట్టుకోలేకపోయింది. డిస్కులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. నేను కొత్తవి పెట్టి ఉంటే అవీ రెండు రోజుల్లో "పోయి" ఉండేవి, మిల్లువాళ్ల లెక్కలూ పోయి ఉండేవి.

అసలు ప్రమాదం అక్కడితో తీరలేదు. టెర్మినేటర్ పెట్టాక, తప్పుకున్న రెండు డిస్కుల్నీ మళ్లీ లోపలికి తీసుకోవాలి. ఏది ముందు అన్నదే ప్రాణం. ఇది అర్థం కావాలంటే రెయిడ్ 5 లెక్క తెలియాలి, అదేం బ్రహ్మవిద్య కాదు.

పెళ్లిలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. నలుగురి పేర్ల పక్కన నాలుగు అంకెలు, అడుగున మొత్తం. ఒక అంకె మీద నూనె చుక్క పడి చెరిగిపోయినా, మొత్తంలోంచి మిగతా మూడూ తీసేస్తే అది బయటపడుతుంది. రెండంకెలు చెరిగితే ఎవరూ చెప్పలేరు. రెయిడ్ 5 చేసేది ఇదే. కూడిక బదులు ఎక్సార్ అనే బిట్ల లెక్క చేస్తుంది, మొత్తాన్ని ఒకే డిస్కు మీద పెట్టకుండా అన్నిటి మీదా వంతులవారీగా పంచుతుంది.

ఇప్పుడు చూడండి. మొదటి డిస్కు పదీ ఇరవైకి తప్పుకుంది. మిగతావి మూడింటిదాకా రాసుకుంటూ పోయాయి, అంకెలు మారాయి, మొత్తాలు మారాయి. తప్పుకున్నదానిలో మాత్రం పదీ ఇరవై నాటి అంకెలే ఉన్నాయి. దాన్ని బలవంతంగా ఆన్‌లైన్‌కి తెస్తే కంట్రోలర్ ఎదురు చెప్పదు, పాత అంకెల్నీ కొత్త మొత్తాల్నీ కలిపేసి చక్కగా నడిపిస్తుంది. పైకి అంతా పచ్చగా కనిపిస్తుంది, లోపల లెక్కలు కుళ్లుతాయి. కాబట్టి చివర పోయినదాన్ని ముందు లేపాలి. ముందు పోయినదాన్ని చివర్న, ఖాళీ డిస్కు కింద లెక్కగట్టి, మళ్లీ మొదట్నించీ నింపాలి. నోటుబుక్కులో నేను గీత కొట్టుకున్న ఆ రెండు సమయాలే మిల్లువాళ్ల జీతాలను కాపాడాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు సర్వర్ లేచింది. రీబిల్డ్ గంటలోపే అయిపోయింది.

గంటలోపు! ఇప్పటివాళ్లు ఆ మాట నమ్మరు. అక్కడే కాలం మారింది, మనుషులు దాన్ని గమనించలేదు. రెయిడ్ అన్న ఆలోచనకు పేరు పెట్టింది బర్క్లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్‌సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్. 1988లో వాళ్ల పరిశోధనాపత్రం అచ్చయింది. ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడదాం, ఒకటి పోయినా లెక్క పోకుండా చూద్దాం అన్నది అందులో సారం. అప్పటి చవక డిస్కులు మెగాబైట్లలో ఉండేవి. నా 4.3 గిగాబైట్ల డిస్కు సెకనుకు ఐదు మెగాబైట్ల చొప్పున చదివినా పదిహేను నిమిషాల్లో ఆ కొస నుంచి ఈ కొసకు చదవచ్చు. ఈ రోజు 8 టెరాబైట్ల డిస్కు సెకనుకు 150 మెగాబైట్లు చదివినా దాదాపు పదిహేను గంటలు. పరిమాణం రెండువేల రెట్లకు దగ్గరగా పెరిగింది, వేగం ముప్పై రెట్లే పెరిగింది. ఆ పదిహేను గంటలూ మిగతా డిస్కులన్నీ మొదలు నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చదివి పెట్టాలి. మామూలు డిస్కుకు తయారీదారు ఇచ్చే వివరాల కాగితం మీద, ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు పెడితే వచ్చేన్ని బిట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చు అని రాసి ఉంటుంది. అది పన్నెండున్నర టెరాబైట్లు. నాలుగు 8 టెరాబైట్ల డిస్కుల్లో ఒకటి పోతే మిగతా మూడిట్లో చదవాల్సింది 24 టెరాబైట్లు. ఆ కాగితం చదివినవాడు ఇంత పెద్ద డిస్కులతో రెయిడ్ 5 పెట్టడు. కానీ ఇప్పుడు కాగితం ఎవరు చదువుతున్నారు? ధర చూస్తారు, కొంటారు.

మా మేనల్లుడి కాలేజీలో సరిగ్గా అవే ఉన్నాయి. నాలుగు డిస్కులు, ఒక్కొక్కటి 8 టెరాబైట్లు, లినక్స్ మీద రెయిడ్ 5. అవీ ఇంటి కంప్యూటర్లకు వాడే రకం. "మామయ్యా, రెండూ ఒకేసారి పోయాయి" అంటాడు వాడు. "రెండు డిస్కులు ఒకే రోజు చావవురా, సరిగ్గా చూడు" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద నాలుగు గళ్లు గీయించి, సీరియల్ నంబర్లు రాయించాను. విసుక్కున్నాడు. రాశాడు. లినక్స్‌లో రెయిడ్‌ని చూసుకునే ఎమ్‌డీఆడ్మ్ కమాండుతో ఒక్కో డిస్కునీ, దేనిలోనూ ఏమీ రాయకుండా, పరీక్షించమన్నాను. ప్రతి డిస్కూ తన ఈవెంట్ల లెక్క ఒకటి దాచుకుంటుంది, మార్పు జరిగినప్పుడల్లా అది పెరుగుతుంది. మొదటిదీ మూడోదీ 58,113. నాలుగోది 58,109. రెండోది 41,806!

అంటే రెండో డిస్కు ఆ రోజు పోలేదు. తేదీ చూస్తే రెండు నెలల కింద, మార్చిలోనే తప్పుకుంది. ఆ సంగతి సర్వర్ చెప్పలేదా? చెప్పింది. మెయిల్ పంపింది. ఆ మెయిల్ వెళ్లిన చిరునామా ఏడాది కిందట ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన మనిషిది. డిస్కు ముందున్న దీపం రెండు నెలలు కాషాయ రంగులో వెలిగింది. ఆ గదిలోకి రోజూ ఊడవడానికి వెళ్లే ఆవిడ తప్ప ఇంకెవరూ దాన్ని చూసి ఉండరు. నెలకోసారి డిస్కులన్నిటినీ చదివి సరిచూసే ఏర్పాటు డెబియన్ లినక్స్‌లో తనంతటదే ఉంటుంది, నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక నడుస్తుంది. సిస్టమ్ స్లో అవుతోందని దాన్ని కూడా ఎవరో ఆపేశారు. మా రోజుల్లో ఈ సాధనాలేవీ లేవు, మేమే తిరిగి తిరిగి చూసేవాళ్లం. ఈ రోజు యంత్రం తనే చూసుకుంటుంది, తనే చెబుతుంది. వినేవాడు లేడు. నా కోపం యంత్రం మీద కాదు.

నాలుగోది ఎందుకు తప్పుకుంది? స్మార్ట్ అనే డిస్కు ఆరోగ్య పట్టిక తెరవమన్నాను. అందులో మూడు వరసలు చూస్తే సగం జబ్బు తెలుస్తుంది. 5వ వరస, డిస్కు పాడైన చోటు వదిలేసి వేరే చోట రాసుకున్నవి ఎన్నో. 197, చదవలేక తేల్చకుండా పెట్టినవి ఎన్నో. 199 పెరుగుతుంటే డిస్కుని కాదు, కేబుల్ని అనుమానించాలి. వాడి నాలుగో డిస్కులో 197 దగ్గర 24 ఉంది. అంతే. కోట్ల సెక్టార్లలో ఇరవై నాలుగు. ఇంటి డిస్కుకు ఒక చోట చదవడం రాకపోతే నిమిషాల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎందుకంటే ఇంట్లో దానికి ఇంకో తోడు లేదు. లినక్స్ ముప్పై సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత డిస్కు పలకడం లేదని తీర్మానిస్తుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లలోపే "నాకు రాలేదు, నువ్వు లెక్కగట్టుకో" అని చెప్పేస్తాయి. ధర కాస్త ఎక్కువ, అంతే.

వాడితో చేయించిన పని ఇది. నాలుగో డిస్కుని డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో కొత్త డిస్కు మీదకి నకలు తీయించాను. రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నందాకా పట్టింది. ఆ ప్రోగ్రాం అరిగిన చోట మొండిగా నిలబడకుండా, బాగున్న చోట్లన్నీ ముందు తీసుకుని, పాడైనవాటి దగ్గరికి చివర్లో వస్తుంది. కొన్ని కిలోబైట్లు తప్ప అంతా వచ్చింది. అప్పుడు మొదటిదీ, మూడోదీ, నాలుగోదాని నకలూ, ఈ మూడిటినే కలిపి, చదవడానికి మాత్రమే తెరిపించాను. మార్చి నాటి రెండోదాన్ని దగ్గరికి రానివ్వలేదు. గుంటూరులో చేసిందే: చివర పోయింది ముందు, ముందు పోయింది చివర. ఇరవై ఏళ్లు దాటినా, స్కజీ పోయి సాటా వచ్చినా, ఆ వరస మారలేదు. ముందు పిల్లల మార్కులూ సర్టిఫికెట్లూ బయటికి కాపీ అయ్యాయి. రెండు వీడియో ఫైళ్లు చెడ్డాయి. అంతకు మించి పోలేదు.

"బ్యాకప్ ఏదిరా?" అన్నాను అన్నీ అయ్యాక. "రెయిడ్ ఉంది కదా మామయ్యా" అన్నాడు. ఈ మాట నేను లెక్కలేనన్ని చోట్ల విన్నాను, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. రెయిడ్ డిస్కు పోయినప్పుడు అందులోని లెక్కల్ని కాపాడుతుంది, పొరపాటున చెరిపేసినదాన్ని కాపాడదు. నువ్వు ఫైలు తీసేస్తే అది అన్ని డిస్కుల మీదా అంతే శ్రద్ధగా తీసేస్తుంది. మా రోజుల్లో టేపులకు తాత, తండ్రి, కొడుకు అని పేర్లుండేవి. రోజువారీది కొడుకు, వారానిది తండ్రి, నెలది తాత. శనివారం సాయంత్రం మేనేజరు గారు వారం టేపు చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. ఆఫీసు తగలబడినా టేపు ఆయన బీరువాలో ఉండేది. ఇవాళ అంతకంటే చవకైన పద్ధతులు వంద ఉన్నాయి, ఇంటికి తీసుకెళ్లే మేనేజరే లేడు.

మా సీనియర్ గారి మాట తప్పిన సందర్భం ఒకటుందని కొందరు నాతో వాదిస్తారు. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ ఒక హెచ్చరిక ఇచ్చింది. వాళ్లు అమ్మిన కొన్ని రకాల ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయి, డేటా తిరిగి రాదు, వెంటనే వాటి లోపలి ప్రోగ్రాం అయిన ఫర్మ్‌వేర్ మార్చుకోండి అని. అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు. రెండుని పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. ఒకే రోజు ఒకే సర్వర్‌లో పెట్టిన డిస్కులన్నీ ఒకే పూట పోతాయి, అప్పుడు రెయిడ్ ఏ అంకెదైనా ఒకటే. కానీ ఆయన చెప్పిందీ అదే కదా! ఒకే రోజు చచ్చాయంటే వాటిని కలిపేదేదో ఉంది. గుంటూరులో అది టెర్మినేటర్, ఇక్కడ ఫర్మ్‌వేర్. అందుకే మేం ఒకే పెట్టెలోంచి, ఒకే బ్యాచ్‌లోంచి డిస్కులన్నీ తీసుకునేవాళ్లం కాదు. అందుకే నోటుబుక్కులో ఫర్మ్‌వేర్ అంకె కూడా రాసుకునేవాళ్లం.

కొత్తవాటిలో మంచి లేదని నేననను. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 మా రోజుల్లో చిన్న ఆఫీసులకు అందేది కాదు. సన్ కంపెనీ నుంచి 2005లో బయటికి వచ్చిన జెడ్ఎఫ్ఎస్, రాసిన ప్రతి ముక్కకూ సరిచూసుకునే లెక్క విడిగా పెట్టుకుంటుంది, డిస్కు మౌనంగా అబద్ధం చెప్పినా పట్టుకుంటుంది. అది నా చేతిలో 1997లో ఉంటే కళ్లకద్దుకునేవాణ్ణి. చదువూ పెరిగింది. 2007లో బియాంకా ష్రోడర్, అదే గార్త్ గిబ్సన్ కలిసి వేల డిస్కుల లెక్కలు తీసి, తయారీదార్ల కాగితం ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా మార్చక్కర్లేని డిస్కులు నిజంలో నూటికి రెండు నుంచి నాలుగు మార్చాల్సి వస్తోందని చూపించారు. ఇంత జ్ఞానం ఊరికే దొరుకుతుంటే, పోయిన డిస్కుని "ఎందుకు పోయావు" అని అడగకుండా తీసి పారేసి, నాలుగు గంటల్లో ఫిర్యాదు టిక్కెట్ మూసేయడమే ఇంజనీరింగ్ అయిపోయింది. మాకు పార్టు తేలిగ్గా దొరికేది కాదు, కాబట్టి కారణం వెతికేవాళ్లం. వీళ్లకు పార్టు మర్నాటికి ఇంటికొస్తుంది. కారణం అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు వాడి సర్వర్‌లో ఆరు డిస్కులు, రెయిడ్ 6. ప్రతి డిస్కు మొహం మీదా సీరియల్ నంబరు రాసిన చీటీ అంటించి ఉంది, ఎందుకంటే "మూడో డిస్కు తీయ్" అంటే సున్నా నుంచి లెక్కపెట్టేవాడు ఒకటి, ఒకటి నుంచి లెక్కపెట్టేవాడు ఇంకొకటి తీస్తాడు. సగం ప్రాణంతో ఉన్న రెయిడ్ లోంచి మంచి డిస్కుని లాగేసిన ఘోరాలు నేను కళ్లారా చూశాను. హెచ్చరికల మెయిల్ వాడికీ, వాళ్ల ప్రిన్సిపాల్ గారికీ, నాకూ వస్తుంది. నెలలో మొదటి ఆదివారం పొద్దున్న కాఫీ తాగి నేను వాడికి ఫోన్ చేస్తాను. "నిన్న రాత్రి చెక్ నడిచిందా? 197 దగ్గర ఎంతుంది? గదిలోకి వెళ్లి దీపాలు చూశావా?" ఆదివారం కూడా వదలరా మామయ్యా అంటాడు. వదలను. అడిగించుకోకుండా వాడే ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పే ఆదివారం వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.